అరకు దారిలో... కారు నెత్తిన సామాను

అరకు ప్రయాణం అనగానే ముందు గుర్తొచ్చేవి కొండలు, సొరంగాలు, పసుప్పచ్చగా విరబూసే వలిసె పూలు. ఆ తర్వాత గుర్తొచ్చేది సామాను! పిల్లలున్న ఇంట్లో మూడు రోజులు కొండ మీద ఉండాలంటే స్వెట్టర్లు, దుప్పట్లు, మారుబట్టలు ఎన్ని సర్దినా ఇంకొకటి మిగిలే ఉంటుంది. పైగా సిఎన్‌జి కార్లొచ్చాక డిక్కీలో సిలిండరే పెద్ద పీట వేసుకు కూర్చుంటోంది. ఇక సామాను ఎక్కడికి పోతుంది? మన కాళ్ల దగ్గరికి, ఒళ్లోకి!

మా ఇంట్లో ఈ ఇబ్బంది అత్తగారి మీద పడింది. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. కాలు కాస్త చాపుకునే వీలు లేకపోతే గంటసేపు కూడా కూర్చోలేరు. "నా కోసం మీరెందుకమ్మా ఇబ్బంది పడడం, నేను ఇంట్లో ఉంటాలే, మీరు వెళ్లి రండి" అనేశారు. సామాను కోసం మనిషిని వదిలి వెళ్లడమా? నాకు మనసొప్పలేదు. "ఏమండీ, కారు పైన రెయిల్స్ బిగించి బట్టల సంచులు అక్కడ పెడితే?" అన్నాను మావారితో. బెజవాడలో ఉండి కారు సరుకు కోసం వెతుక్కోవాలా! మర్నాడే ఆటోనగర్‌కి బయల్దేరాం.

పటమట పక్కనే ఉన్నా ఆటోనగర్ మన ఆడవాళ్లు పెద్దగా అడుగుపెట్టని పేట. 1960ల్లో మొదలైన ఈ పేటలో అదొక ప్రపంచం. ఒక పక్క లారీలకి బాడీలు కడుతుంటారు, ఇంకో పక్క ఇంజన్లు విప్పుతుంటారు, పాత టైర్లకి కొత్త రబ్బరు తొడుగుతుంటారు. వెల్డింగు మెరుపులు, పెయింటు వాసన, సుత్తి దెబ్బలు, మధ్యమధ్య టీ కొట్లు. కొట్టాయన ఓపికమంతుడు. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు జతల రెయిల్స్ ముందు పెట్టాడు.

"ఇది టేపుతో అంటించేదమ్మా. షోకు కోసమే. దీని మీద చీర మడత కూడా పెట్టకూడదు. ఆ రెండోది బోల్టులతో బిగించేది, అదే బరువు మోస్తుంది" అన్నాడు.

చూశారా, గిల్టు నగకీ బంగారానికీ ఉన్నంత తేడా! కారుతోపాటు వచ్చిన రెయిల్స్ కూడా కొన్ని మోడళ్లలో అందానికే ఉంటాయట. అందుకని మీ కారుకి ఇప్పటికే రెయిల్స్ ఉన్నా, అవి బరువు మోస్తాయో లేదో కారు పుస్తకంలో చూసుకున్నాకే సామాను ఎక్కించండి.

వెనకటి అంబాసిడర్, మారుతి 800 కార్లకి పైకప్పు అంచున వాననీళ్లు పోయే గాడి ఉండేది. క్యారియర్ కాళ్లు దానికే పట్టించి బిగించేవారు. ఆ రెండు కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పటి కార్లలో చాలావాటికి ఆ గాడి లేదు. కొన్నిటికి మాత్రం పైకప్పు మీది నల్ల పట్టీ కింద కంపెనీవాళ్లే బోల్టు గుంటలు చేసి ఉంచుతారు. మా కారుకి అవి ఉన్నాయి. లేని కారుకి డ్రిల్లింగు చేయించడం మాత్రం వద్దే వద్దు. నీళ్లు దిగి తుప్పు పడుతుంది. పక్క కిటికీల ఎయిర్‌బ్యాగులున్న కార్లలో అవి ఆ అంచు లోపలే ఉంటాయి. అలాగే బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. అందుకే మా మోడల్‌కి కంపెనీ ఇచ్చే రెయిల్సే కొని, బిల్లు కారులో పెట్టుకున్నాం. మీరూ రవాణా ఆఫీసులో ఒక మాట అడిగి తెలుసుకోండి.

ఆదివారం పొద్దున్నే ఎండెక్కకుండా పని మొదలుపెట్టాం. ముందు కారు పైకప్పు కడిగి ఆరనిచ్చాం. నల్ల పట్టీని స్క్రూడ్రైవరుతో లేపితే పెయింటు గీసుకుపోతుంది. ప్లాస్టిక్ అట్లకాడకి మెత్తటి గుడ్డ చుట్టి నెమ్మదిగా లేపాను. కింద గుంటల్లో చేరిన మట్టి తుడిచేశాం. రబ్బరు వాషర్లు పెట్టి, రెయిల్ ఆనించి, బోల్టులన్నీ ముందు చేత్తోనే తిప్పాం. చేత్తో తిరగనిది అడ్డంగా ఎక్కుతోందన్నమాట, విప్పి మళ్లీ పెట్టాలి. ఒక్కదాన్నే పూర్తిగా బిగించెయ్యకుండా అన్నిటినీ వంతులవారీగా కొంచెం కొంచెం బిగించాం. ఎంత బిగించాలో రెయిల్స్‌తో వచ్చిన కాగితంలో అంకె ఉంటుంది. ఆ అంకె దగ్గర ఆగేలా చెప్పే టార్కు రెంచిని మావారు మెకానిక్కు దగ్గర అడిగి తెచ్చారు. తర్వాత రెండు అడ్డబార్లు, ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. ఆఖర్న పైన రెండు బకెట్ల నీళ్లు పోసి, లోపల పైగుడ్డకి పాత న్యూస్‌పేపరు అద్ది చూశాను. తడి లేదు!

ఇక అసలు సంగతి బరువు. మా కారు పుస్తకంలో పైకప్పు మీద 50 కిలోలకి మించకూడదని ఉంది. రెయిల్స్, బార్ల బరువు కూడా అందులోదే. మీ కారుకి ఎంతో మీ పుస్తకంలో చూసుకోండి. సంచి పట్టుకుని వెయింగ్ మిషన్ ఎక్కి, మన బరువు తీసేస్తే సంచి బరువు తేలిపోతుంది. దుప్పట్లు, స్వెట్టర్లు, బట్టలు పైకి. మంచినీళ్ల క్యాను, బియ్యం, పచ్చడి సీసాలు కిందకి. బరువంతా నెత్తికెక్కితే మలుపుల్లో కారు ఒరిగిపోతుంది. సంచుల మీద టార్పాలిన్ కప్పి, బకిల్ ఉన్న పట్టాలతో కట్టాం. పట్టాని ఒక్క మెలిక తిప్పి కడితే గాలికి బుయ్యిమని మోగదు. సాగే రబ్బరు తాళ్లని నమ్ముకోకండి.

తెల్లవారుజామున బయల్దేరి, దాదాపు 60 కిలోమీటర్లు నడిచాక ఏలూరు దగ్గర ఆగి బోల్టులన్నీ మళ్లీ చూశాం. ఒకటి కాస్త బిగువు తీసుకుంది కూడా! సిద్ధాంతం దగ్గర గోదావరి వంతెన మీద పక్కగాలి తెలిసింది. అందుకే దారి పొడుగునా 80 దాటలేదు. అన్నవరంలో విస్తరాకులో కట్టిచ్చిన గోధుమరవ్వ ప్రసాదం తింటూ, వెనక సీట్లో అత్తగారు హాయిగా కాలు చాపుకుని కూర్చుంటే నాకు కడుపు నిండిపోయింది. రాత్రి విశాఖలో బస. అక్కడ పార్కింగులోకి వెళ్లేముందు పైన పట్టీ తగులుతుందేమో చూసుకోవాలి. కారు ఎత్తు పెరిగిందిగా! కొలత చీటీ మీద రాసి స్టీరింగు దగ్గర అంటించాం. సంచులు రాత్రికి కిందకి దించేశాం.

శృంగవరపుకోట దాటాక ఘాట్‌రోడ్డు. మలుపు తర్వాత మలుపు. వేగం తగ్గించి వెళితే పైన సామాను ఉన్న సంగతే తెలియలేదు. అనంతగిరి దగ్గర సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు. కారు ఆపి అత్తగారికి చూపించాం. బొర్రా గుహల దగ్గర మెట్లు ఆవిడ దిగలేరు. నేనూ ఆవిడా కారు దగ్గరే ఉన్నాం. అక్కడ కోతులు జాస్తి. టార్పాలిన్ లాగబోయిన ఒకదాన్ని ఆవిడే గొడుగుతో అదిలించారు. తినే వస్తువు ఒక్కటి కూడా పైన పెట్టకూడదని అక్కడే అర్థమవుతుంది.

అరకులో కార్తీకమాసపు చలి, పొలాల నిండా వలిసె పూలు, వెదురు బొంగులో కాల్చిన చికెన్. పైన తెచ్చిన దుప్పట్లన్నీ పనికొచ్చాయి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీపొడి, అల్లం, రాజ్‌మా మీరూ తప్పకుండా కొంటారు. అవి బరువైనవి, కిందనే పెట్టండి. వాటి చోటు కోసం ఇంకో దుప్పటి పైకెక్కించండి, మనిషిని మాత్రం ఇరుకున పెట్టకండి. ఇల్లు చేరాక బార్లు విప్పి అటక మీద పెట్టేస్తే గాలి చప్పుడూ ఉండదు, ఇంధనమూ కలిసొస్తుంది.