రేపు రమ్మన్నాడు

నాన్న దగ్గర 1991 నుంచి 2013 వరకు వరసగా 23 ఎల్ఐసీ డైరీలున్నాయి. అందరూ డైరీల్లో మనసు విప్పుకుంటే మా నాన్న బానెట్ విప్పేవాడు. ఎన్ని లీటర్లు పోయించాడు, మీటరు ఎంత తిరిగింది, ఏ సామాను మార్పించాడు, మేస్త్రీ ఎంత తీసుకున్నాడు. వీటి మధ్య నెలకి రెండు మూడుసార్లు ఎర్ర ఇంకుతో ఒకే వాక్యం కనిపిస్తుంది: "రేపు రమ్మన్నాడు." ఎవరు రమ్మన్నారో ఉండదు. పేజీ తిప్పితే మర్నాడు కూడా అదే వాక్యం.

చిన్నప్పుడు అది చూసి నేనూ అక్కా పడీ పడీ నవ్వేవాళ్ళం. ఇప్పుడు నా ఫోన్లో నోట్స్ తెరిస్తే అదే వాక్యం ఉంటుంది. ఎర్ర ఇంకు ఒక్కటే తక్కువ.

కారు 1979 ప్రీమియర్ పద్మిని. నాన్న ఖమ్మంలో జూనియర్ కాలేజీ లెక్చరరుగా ఉండగా విజయవాడలో ఒక డాక్టరుగారి దగ్గర సెకండ్ హ్యాండులో కొన్నాడు. ఆ పేరు చిత్తోడు రాణి పద్మినిది అంటారు. నాన్న స్టాఫ్‌రూమ్‌లోని తెలుగు లెక్చరరుగారు మాత్రం పద్మిని, చిత్తిని, శంఖిని, హస్తిని అని జాతులు లెక్కబెట్టి, "సౌండును బట్టి చూస్తే మీది హస్తిని అండీ" అనేవారట. 2013లో హెడ్ గ్యాస్కెట్ పోయి, సామాను దొరక్క, షెడ్డులో టార్పాలిన్ కింద పడుకుంది. 2021లో నాన్న హైదరాబాదులో మా దగ్గరికి వచ్చేశాడు. బండినీ ఒక డీసీఎంలో ఎక్కించి తెచ్చి మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో దింపాను. "ఆరు నెలల్లో రోడ్డెక్కిస్తా నాన్నా, నువ్వే నడుపుదువు గానీ" అన్నాను. అప్పటికే నాన్న కళ్ళకి గ్లాకోమా చుక్కలు వేసుకుంటున్నాడు.

పాత బండికి సామాను కొనడంలో మొదటి చిక్కు డబ్బు కాదు, పేరు. కౌంటర్లో ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న "ఏ మోడల్?" బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్ళు 1954లో ఫియట్ 1100 మొదలుపెట్టారు. మిలిచెంటో, ఎలిగెంట్, సెలెక్ట్, సూపర్ సెలెక్ట్ అయ్యాక 1964లో డిలైట్ వచ్చింది. అదే 1972లో ప్రెసిడెంట్ అయి, 1974లో పద్మిని అయింది. ఇంజను అదే 1089 సీసీ. చూడ్డానికి అదే బండి. కానీ ఒక బోల్టు మర దగ్గర, ఒక పైపు వంపు దగ్గర, ఎక్కడో ఏదో మారిపోయి ఉంటుంది. వెర్షన్ నంబర్లు సరిగ్గా రాయకుండా వదిలేసిన పాత కోడు ఎలా ఉంటుందో నాకు తెలుసు, రోజూ ఆఫీసులో చేసే పని అదే. అందుకే కాస్త ధీమాగా దిగాను.

ఇక సామాను అమ్మేవాళ్ళు. ఈ మూడేళ్ళలో నాకు తగిలినవాళ్ళు మూడు రకాలు.

మొదటి రకం రేపు రమ్మనేవాళ్ళు. రాణిగంజ్‌లో ఒక దుకాణం. పైకప్పు దాకా చెక్క అరలు, కొక్కేలకి వేలాడే బెల్టులు, గల్లాపెట్టె పక్కన ఎప్పుడూ సగం తాగిన చాయ్. కార్బొరేటర్ కిట్ అడిగాను. "మిల్ జాయెగా సాబ్, కల్ ఆవో" అన్నాడు. హైదరాబాదులో 'పరసోం' అంటే మొన్న కావచ్చు, పదేళ్ళ కిందట కావచ్చు అన్నది అందరికీ తెలిసిన జోకు. 'కల్' కూడా అదే బాపతని నాకు ఆలస్యంగా తెలిసింది. ఐదుసార్లు వెళ్ళాను. ఆరోసారి నిజంగానే కిట్ తీసి చేతిలో పెట్టాడు. చూస్తే వేరే కార్బొరేటర్‌ది. "జర ఆకురాయి పట్టిస్తే సెట్ అయితది సార్" అని ధైర్యం కూడా చెప్పాడు. అతను మోసగాడు కాడు. లేదు అనడం అతనికి మర్యాద కాదు, అంతే.

రెండో రకం ఫొటోలు పంపేవాళ్ళు. ముందు గ్రిల్లు కోసం వెతుకుతుంటే వేరే రాష్ట్రం నుంచి ఒకతను వాట్సాప్‌లో దొరికాడు. న్యూస్ పేపర్ పరిచి, దాని మీద మెరుస్తున్న గ్రిల్లు పెట్టి తీసిన ఫొటో. 4,500 రూపాయలు యూపీఐ చేశాను. డిస్పాచ్ అయింది సార్. కొరియర్ వాళ్ళ ప్రాబ్లం సార్. ఇంట్లో పెళ్ళి సార్. అమ్మకి బాగోలేదు సార్. ఆ తర్వాత డీపీ మాయమైంది. నాలుగు నెలలకి ఇంకో నంబర్ నుంచి ఇంకొకతను అదే గ్రిల్లు ఫొటో పంపాడు. కింద పరిచిన పేపర్లో సగం కనబడే చీరల ప్రకటన చూసి గుర్తుపట్టాను. ఆ అమ్మాయి ఇంకా అలాగే నవ్వుతోంది.

వీళ్ళిద్దరి వల్లా పోయింది డబ్బూ ఆదివారాలే. మూడో రకంతోనే అసలు ప్రమాదం. వీళ్ళు అడిగింది అడిగినట్టు, చెప్పిన రోజుకి, బిల్లుతో సహా ఇస్తారు.

మా బండికి నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లోంచి ఒత్తిడి సన్నటి గొట్టాల గుండా నాలుగు చక్రాల దగ్గరి చిన్న సిలిండర్లకి పోతుంది. ఇప్పటి కార్లలో ఆ దారి రెండుగా చీలి ఉంటుంది. ఒకటి పోయినా రెండోది ఆపుతుంది. మా బండిలో ఒక్కటే దారి. ఆ ఒత్తిడి పక్కకి జారిపోకుండా పట్టుకునేవి బొటనవేలి గోరంత రబ్బరు కప్పులు. కొత్త కప్పుల సెట్టు ఒకచోట ఆర్డర్ చేస్తే మూడో రోజుకే వచ్చింది. ప్లాస్టిక్ కవరు, హోలోగ్రామ్ స్టిక్కరు, 'ఒరిజినల్' అన్న అక్షరాలు. మేస్త్రీ బిగించాడు. నవంబర్‌లో ఒక ఆదివారం పొద్దున్నే ఆరింటికి, పదేళ్ళ తర్వాత, బండి సెల్లార్ దాటింది. నేను నడుపుతున్నాను. నాన్న పక్కన.

మొదటి అరగంట స్వర్గం. తర్వాత బండి కొంచెం బరువుగా లాగుతున్నట్టు అనిపించింది. పాత ఇంజను కదా అనుకున్నాను. జూబ్లీహిల్స్ వాలు దిగుతూ బ్రేకు తొక్కితే పెడల్ నేలకి తగిలింది. మళ్ళీ తొక్కాను, మళ్ళీ నేలే. "సెకండ్ వెయ్, సెకండ్ వెయ్" అని నాన్న అరవడం, నేను స్టీరింగ్ పక్కన గేరు కడ్డీ లాగడం, ఇంజను ఏనుగులా ఘీంకరించడం, హ్యాండ్ బ్రేకు పీకడం అన్నీ ఒక్కసారే జరిగాయి. చక్రం ఫుట్‌పాత్ అంచుకి రాసుకుని బండి ఆగింది. పది అడుగుల ముందు ఒక పాలబ్బాయి స్కూటర్ ఆపుకుని మమ్మల్నే చూస్తున్నాడు. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత నాన్న అడిగింది ఒక్కటే. "కప్పులు ఎక్కడ కొన్నావ్?"

మనం బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది ఆయిల్ కాదు, గ్లైకాల్ జాతి ద్రవం. దానికి తగిన రబ్బరు వేరు, పెట్రోలుకీ ఇంజన్ ఆయిల్‌కీ తగిన రబ్బరు వేరు. ఈపీడీఎం అనే రబ్బరు బ్రేక్ ఆయిల్‌లో ఏళ్ళ తరబడి నిక్షేపంగా ఉంటుంది, ఇంజన్ ఆయిల్ తగిలితే ఉబ్బిపోతుంది. నైట్రైల్ దానికి సరిగ్గా తిరగబడి, ఆయిల్‌లో బాగుంటుంది, బ్రేక్ ఆయిల్‌లో ఉబ్బుతుంది. రెండూ నల్లగానే ఉంటాయి. సెట్టులో మిగిలిన ఒక కప్పుని బ్రేక్ ఆయిల్ సీసాలో వేసి వారం తర్వాత వెర్నియర్‌తో కొలిస్తే మిల్లీమీటరున్నర పెరిగింది. వేలితో నొక్కితే నానబెట్టిన శనగలా ఉంది. బండిలో జరిగిందీ అదే. కప్పులు ఉబ్బి బ్రేకులు పూర్తిగా వదలకుండా పట్టుకునే ఉన్నాయి. డ్రమ్ములు వేడెక్కాయి, లోపలి ద్రవం మరిగి ఆవిరైంది. ఆవిరిని ఎంత తొక్కినా అది నొక్కుకుపోతుందే తప్ప చక్రాన్ని ఆపదు.

ఆ రోజుల్లోనే రాబర్ట్ పిర్సిగ్ 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటర్ సైకిల్ మెయింటెనెన్స్' మళ్ళీ చదివాను. 1974లో వచ్చిన పుస్తకం, పద్మిని పుట్టిన ఏడాదే. అందులో స్నేహితుడి ఖరీదైన మోటర్ సైకిల్ హ్యాండిల్ జారుతుంటే, బీరు డబ్బా రేకు కత్తిరించి మధ్యలో పెడదామంటాడు కథకుడు. స్నేహితుడు అవమానంగా భావిస్తాడు. ఇంజనీరింగ్ హాస్టల్లో చదివినప్పుడు నేను పూర్తిగా కథకుడి పక్షం. ఇప్పుడు చదివితే ఒక చిన్న సంగతి ఆపింది. ఆ కథకుడికి బీరు డబ్బా దేంతో చేశారో తెలుసు. అది మెత్తగా ఉంటుందనీ, తుప్పు పట్టదనీ తెలిసే ఆ మాట అన్నాడు. మన బజారులో లోపించింది చాతుర్యం కాదు, అది కావలసినంత ఉంది. చేతిలోకి వచ్చిన వస్తువు దేంతో చేశారో అమ్మినవాడికీ కొన్నవాడికీ తెలియకపోవడమే ఇక్కడి కష్టం. కప్పు కొలత సరిపోయింది, రంగు సరిపోయింది. మేస్త్రీకైనా నాకైనా అంతకంటే ఏం కనిపిస్తుంది?

విజయవాడ పని మీద వెళ్ళినప్పుడు ఆటోనగర్‌లో ఒక పాత దుకాణానికి పోయాను. నాన్న డైరీల్లో ఆ వీధి పేరు చాలాసార్లు ఉంది. డెబ్భై దాటిన పెద్దాయన. నేను ఉన్న పదిహేను నిమిషాల్లో ముగ్గురిని "లేదయ్యా" అని పంపించేశాడు. నాలుగోవాణ్ణి నేను.

"పద్మిని కప్పులా? లేవు బాబూ. నా దగ్గరే కాదు, నికార్సైనయ్యి ఎక్కడా దొరకవ్."

ఎందుకు దొరకవో కూడా ఆయనే చెప్పాడు. ఇన్నాళ్ళూ మన బళ్ళని బతికించింది మనం కాదు, బొంబాయి టాక్సీలు. వాటికోసం ఎవరో ఒకరు చిన్న షెడ్డుల్లో సామాను చేస్తూనే ఉండేవాళ్ళు, అది ఇక్కడి దాకా వచ్చేది. 2003 అక్టోబర్‌లో రిజిస్టరైన ఆఖరి పద్మిని టాక్సీకి 20 ఏళ్ళు నిండి 2023లో అదీ ఆగిపోయింది. ఇక చేసేవాడు ఎవరికోసం చెయ్యాలి? మా బండికి యాభై నిండితే తప్ప ప్రభుత్వం 2021లో తెచ్చిన వింటేజ్ రూల్స్ కిందికి కూడా రాదు. అటు కొత్తదీ కాదు, ఇటు పురావస్తువూ కాదు.

"కప్పుల కోసం తిరగమాక. సిలిండరుకి స్లీవ్ కొట్టించు. ఇప్పటి బండి కప్పు పట్టే సైజు లెక్కన లోపల బోరు పెట్టించుకో. కప్పు మాత్రం కంపెనీది కొను" అన్నాడు.

వచ్చినవాళ్ళందరికీ లేదంటే వ్యాపారం ఎలా అని అడిగాను. ఆయన నవ్వాడు. "ఉందని చెప్పి తిప్పితే రెండోసారి వస్తారు. లేదంటే పదోసారి కూడా వస్తారు. మీ నాన్న ఎన్నిసార్లు వచ్చుంటాడో చూస్కో."

రైల్లో తిరిగి వస్తూ ఆ మాటే తిప్పుకున్నాను. ఆఫీసులో పొద్దున్న మీటింగ్‌లో నేను వారానికి మూడుసార్లు చెప్పే వాక్యం "రేపటికి అయిపోతుంది." అవదని చెప్పేటప్పుడే తెలుసు. లేదు అనే మాట నోటికి రాదు. రాణిగంజ్ దుకాణదారు మీద ఎన్ని జోకులు వేసుకున్నాను!

ఇంటికొచ్చాక సిలిండర్ కొలతలు ఏమైనా రాశాడేమో చూద్దామని నాన్న అల్మరా తెరిచాను. 23 డైరీల పక్కన ఇంకో మూడు ఉన్నాయి. 2021, 22, 23. బండి లేని ఏళ్ళలో రాయని మనిషి, బండి హైదరాబాద్ వచ్చిన రోజు నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. పెట్రోలు లెక్కలేమీ లేవు. ఎర్ర ఇంకుతో, నెలకొకసారి: "వచ్చే నెల అన్నాడు." అక్షరాలు ఏడాది ఏడాదికీ పెద్దవై, గీతలు దాటి పోయాయి. 2023 ఆఖర్లో ఒక్క వాక్యం నాలుగు లైన్లు ఆక్రమించింది.

ఆ రాత్రి నాన్న దగ్గర కూర్చుని చెప్పాను. "నాన్నా, బండి ఎప్పటికవుతుందో తెలీదు. సిలిండర్ లేత్‌కి ఇవ్వాలి. అయినా నువ్వు నడపడం కుదరదు. డాక్టరు నాతో చెప్పి ఏడాదైంది."

"నాకూ చెప్పాడుగా" అన్నాడు నాన్న. కాసేపాగి, "లేత్ పని ఎవరికిస్తున్నావ్? తొందర పెట్టమాక" అన్నాడు.

స్లీవ్ కొట్టించడానికి రెండు నెలలు పట్టింది. కొత్త కప్పులు ముందు బ్రేక్ ఆయిల్ సీసాలో పది రోజులు నానబెట్టి, వెర్నియర్‌తో కొలిచి, ఏమీ పెరగలేదని చూసుకున్నాకే బిగించాం. ఆఖరి పని లైన్లో ఎయిర్ తీయడం. అది ఒక్కడివల్ల అయ్యేది కాదు. ఒకడు లోపల పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఇంకొకడు చక్రం దగ్గర నిపుల్ వదులు చేసి బుడగలు పోనివ్వాలి. నాన్న డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. నేను వెనక చక్రం కింద పడుకున్నాను.

"తొక్కు నాన్నా."

"తొక్కా."

"పట్టుకో. వదలమాక." గొట్టంలోంచి బుడగలు, తర్వాత చిన్న బుడగలు. నిపుల్ బిగించాను. "ఆఁ, వదులు."

నాలుగు చక్రాలకీ గంటన్నర పట్టింది. ఆఖరి చక్రం అయ్యాక నేను చెప్పకుండానే నాన్న ఇంకోసారి తొక్కాడు. పెడల్ సగంలో గట్టిగా ఆగింది. కాలు తియ్యకుండా అలాగే కూర్చుని, "ఇప్పుడు రాయి అన్నట్టుంది రా" అన్నాడు.