ముందు చూడనివ్వండి

కొత్త యాప్ ఏది తెరిచినా మొదట ఎదురయ్యేది మొబైల్ నంబర్ అడిగే గడి. లోపల ఏముందో ఇంకా తెలియదు, మనకు పనికొస్తుందో రాదో తెలియదు. అయినా నంబర్ ఇవ్వాలి, ఓటీపీ కొట్టాలి, పేరూ పుట్టిన తేదీ చెప్పుకోవాలి. చీరల దుకాణంలో పరుపు మీద కూర్చోబెట్టి పాతిక చీరలు పరిచి చూపిస్తారు. నచ్చక లేచి వచ్చేసినా ఊరూ పేరూ అడగరు. బేరం కుదిరాకే బిల్లు పుస్తకం బయటికొస్తుంది. ఫోనులో మాత్రం ఈ వరస ఎందుకు తిరగబడాలి?

ఇది చిన్న చిరాకేగా అని కొట్టిపారేసే విషయం కాదు. ఊళ్లో ఉన్న పెద్దావిడకు ఏకాదశి ఎప్పుడో చూసుకోవడానికి పంచాంగం యాప్ కావాలి. తెరవగానే నంబర్ అడుగుతుంది. ఇంట్లో ఎవరి నంబరో ఇస్తారు. ఓటీపీ హైదరాబాదులో ఉన్న కొడుకు ఫోనుకు పోతుంది. "ఒరే, ఏదో నంబరొచ్చిందట, చదువు" అని ఆవిడ ఫోన్ చేస్తుంది. అతను చదువుతాడు, ఆవిడ నొక్కుతుంది. ఒకవైపు బ్యాంకులూ పోలీసులూ ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని నెత్తీ నోరూ కొట్టుకుంటుంటే, ఇంకోవైపు తిథి చూడటానికి, వంట చూడటానికి, పాట వినడానికి కూడా దాన్ని అడిగి అడిగి, చెప్పేయడం మామూలు సంగతి చేసేశాం. ఇలా అలవాటుపడిన మనిషిని, రేపు ఎవడో బ్యాంకు పేరు చెప్పి ఓటీపీ అడిగినప్పుడు మాత్రం జాగ్రత్తపడమంటే ఎలా పడుతుంది? అకౌంట్ ఖాళీ అయ్యాక సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చేయమని చెప్పగలం. ఆ అలవాటు చేయకుండా ఉండటం అంతకంటే ముందు చేయాల్సిన పని.

అడగకుండా నడవదా అంటే, బ్రహ్మాండంగా నడిచినవి కళ్లముందే ఉన్నాయి. వేర్ ఈజ్ మై ట్రైన్ యాప్‌నే తీసుకోండి. బెంగళూరులోని సిగ్మాయిడ్ ల్యాబ్స్ వాళ్లు చేశారు. భాష ఎంచుకుని రైలు నంబర్ కొడితే చాలు, బండి ఎక్కడుందో చెబుతుంది. రైల్లో కూర్చున్నవాళ్లకు ఇంటర్నెట్ లేకపోయినా సెల్ టవర్ సిగ్నల్‌ని బట్టి లెక్క కడుతుంది. ఆ కంపెనీని 2018లో గూగుల్ కొనేసింది. మన ఆంధ్రభారతి నిఘంటువు సంగతీ అంతే. మాట టైపు చేస్తే ఎన్నో నిఘంటువుల్లోని అర్థాలు వరసగా వచ్చేస్తాయి. నువ్వెవరని అడగదు. తెలుగు రాసేవాళ్లలో దానికి రుణపడనివాళ్లు తక్కువ.

వ్యాపారం కోసమైతే రిజిస్ట్రేషన్ తప్పదనేవాళ్లు, వెబ్‌సైట్లను జనం ఎలా వాడతారో పరిశీలించే జేరెడ్ స్పూల్ 2009లో రాసిన ఉదంతం చదవాలి. అమెరికాలో ఒక పెద్ద ఆన్‌లైన్ దుకాణం. సరుకులు ఎంచుకుని డబ్బు కట్టబోయే ముందు లాగిన్ అవ్వండి, లేదా రిజిస్టర్ చేసుకోండి అని ఒక ఫారం అడ్డొచ్చేది. మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లకు సుళువవుతుందని వాళ్ల ఆలోచన. కొత్తవాళ్లు చిరాకుపడి వెళ్లిపోయారు. పాతవాళ్లకేమో ఏ ఈమెయిల్‌తో చేరారో, పాస్‌వర్డ్ ఏమిటో గుర్తులేదు. 45 శాతం మందికి ఒకటికి మించి అకౌంట్లున్నాయని తేలింది. చివరికి రిజిస్టర్ బటన్ తీసేసి, అకౌంట్ అవసరం లేదని ఒక మాట రాసి, కొనసాగించండి అనే బటన్ పెట్టారు. కొనేవాళ్లు 45 శాతం పెరిగారు. ఏడాదిలో అమ్మకాలు 30 కోట్ల డాలర్లు పెరిగాయి.

అకౌంట్ అసలే వద్దని నేననను. డబ్బు పంపేచోట, వైద్య రికార్డులు దాచేచోట మనిషెవరో తెలియాల్సిందే. ఫోన్ మారినా మన రాతలు మనతో రావాలంటే అకౌంట్ కావాలి. ఆ అవసరం వచ్చిన క్షణంలో అడిగితే ఎవరూ కాదనరు. అవసరం రాకముందే అడగడంతోనే పేచీ. 2023లో వచ్చిన మన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా, చెప్పిన పనికి ఎంత సమాచారం అవసరమో సమ్మతి అంతవరకే అంటుంది. ఫోన్‌లో వైద్యం చేసే యాప్ మన కాంటాక్ట్‌ల జాబితా అడగడాన్నే ఆ చట్టం ఉదాహరణగా చూపించింది. మనం ఒప్పుకున్నా, వైద్యానికి అవసరంలేని ఆ జాబితాకు ఆ ఒప్పుకోలు వర్తించదు.

హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో యాప్‌లు తయారుచేస్తున్న తెలుగు పిల్లలు ఎంతోమంది. వాళ్లకు నా మనవి ఒక్కటే. మొదటి తెరలో మీ పని చూపించండి, నంబర్ తర్వాత అడగండి. దాటవేసే బటన్‌ను మూలన లేత రంగులో దాచకండి. మీ అమ్మ ఎవరి సాయమూ లేకుండా ఆ మొదటి తెర దాటగలదో లేదో ఒక్కసారి చూడండి.

ఇక వాడేవాళ్లం. ఒక యాప్ వద్దనుకుంటే ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి అకౌంట్ తొలగించి, ఆ తర్వాతే యాప్ తీసేయండి. అకౌంట్ తెరిచే వీలిచ్చే యాప్‌లన్నీ దాన్ని తొలగించే వీలు కూడా లోపలే ఇవ్వాలని ఆపిల్ 2022 జూన్ 30 నుంచి నియమం పెట్టింది. ఐకాన్ పోయినంత మాత్రాన మీ నంబర్ వాళ్ల దగ్గర్నుంచి పోదు.