అక్కకు దొరికిన స్టాఫ్‌రూమ్

పెళ్లికి ముందు గుంటూరులో లెక్కల టీచరుగా చేసిన మా అక్క, ఇప్పుడు టెక్సాస్‌లో తన పిల్లలిద్దరికీ ఇంట్లోనే పాఠాలు చెబుతోంది. ఇంటి బడి కూడా ప్రైవేటు స్కూలు కిందికే వస్తుందని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1994లోనే తేల్చింది. లెక్కలు సరే, కెమిస్ట్రీ ఎవరు చెప్పాలి? పిల్లలకు తోడెవరు? చర్చిలో పరిచయమైన తల్లులు తమ కో-ఆప్‌లో చేరమన్నారు. వారానికో రోజు పది కుటుంబాలు చర్చి హాల్లో కలుస్తాయి. ముందు ప్రార్థన, తర్వాత పాఠాలు. కెమిస్ట్రీ తెలిసినావిడ అందరి పిల్లలకూ అది చెబుతుంది. అక్క లెక్కలు చెబుతుంది. జీతాల్లేవు... వంతులే!

అందరూ ఒకే విశ్వాసం వాళ్లయితే పిల్లల లోకం చిన్నదైపోదా అని అడిగాను. ‘అందుకేగా సాయంత్రాలు పక్కిళ్ల పిల్లలతో ఆటలకు పంపేది’ అంది. ఆపైన నవ్వుతూ... ‘వాళ్ల సంగతి సరే, ఇన్నేళ్లకి నాకు మళ్లీ స్టాఫ్‌రూమ్ దొరికిందే!’