మన మిల్లు కత పిల్లలకు ఎట్ల చెప్పాల

నేను చదివింది నాలుగో తరగతి. ముప్పై ఏండ్లు స్పిన్నింగ్ ఖాతాలో తెగిన దారాలు అతికించినోణ్ని. కతల గురించి వీనికేం తెలుసు అనుకోవద్దండి. మన బళ్లారి సీమలో కత చెప్పడంలో అంత పేరు తెచ్చుకున్న దారోజి ఈరమ్మకు అక్షరమే రాదు.

ఈరమ్మది సండూరు తాలూకా దారోజి. బుడగ జంగాల ఆడబిడ్డ. వాళ్ల ఇండ్లల్లో మాట తెలుగు, ఊర్లల్లో పాడే కత ఎక్కువగా కన్నడం. పన్నెండు పెద్ద కతలు ఆమెకు నోటికే వచ్చు. హంపి కన్నడ విశ్వవిద్యాలయం నాడోజ బిరుదు ఇచ్చింది. 2014లో కన్నుమూసింది.

ఆమె పాడిన కతల్లో కుమారరాముడిది ఒకటి. మన కంప్లి రాజు కొడుకే. సవతితల్లి నింద వేస్తే రాజు నమ్మి, కొడుకు తల తెమ్మంటాడు. మంత్రి ఇంకోరి తల చూపించి, రామున్ని నేలమాళిగలో దాస్తాడు. తర్వాత ఢిల్లీ దండు వచ్చి పడుతుంది. కొడుకు లేడే అని రాజు ఏడుస్తాడు. రాముడు బతికే ఉన్నాడని మనకు తెలుసు, రాజుకు తెలీదు. అందుకే ఎవరూ లేచి పోరు. దాచిన సంగతి చివర్లో చెప్పింటే ఒక్క నిమిషం ఆశ్చర్యపోతాం, అంతే. ముందే చెప్పినందుకు రాత్రంతా కూచోబెడుతుంది.

ఇంకొక ఉపాయం బుర్రకతలో పక్కన నిలబడే వంతది. ఆంధ్రాలో షేక్ నాజర్ గారు (1920-1997) ఈ కళకు పెద్దపేరు తెచ్చినారు. నడిమి మనిషి కత చెబుతుంటే, మన మనసులో పుట్టే ప్రశ్న వంత అడుగుతాడు. ఒకడు నవ్విస్తాడు. ఏడుపు ఎక్కువైన చోట ఆ నవ్వు లేకుంటే వినేవాళ్లు అలిసిపోతారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మొన్న మా మనవడు అడిగినాడు: "తాతా, మీరు సమ్మెలు చేసినందుకే మిల్లు మూతపడిందంట గదా?" ఎవరో చెప్పినారు వానికి. మన కాలనీల్లో చానామంది పిల్లలు ఇట్లే అనుకుంటున్నారు. మనం చెప్పకపోతే ఇంకొకరు చెప్పిందే మన కత అవుతుంది.

మనం చెప్పేదేమో అర్జీ మాదిరి ఉంటాది. "ఫలానా నెల మూసినారు, బాకీ ఇయ్యలేదు." పిల్లోడు ఫోను తీసుకుంటాడు.

నేను వానికి ఇట్ల చెప్పినా. మొదట, "ఆ ఏడు దసరా అయినంక గేటుకు తాళం పడింది" అన్నా. ఆ తర్వాత దసరా ముందు దినాలకు పోయినా. మీ అవ్వ షావుకారి దగ్గర అప్పుకు చీర తీసుకునింది. మీ నాయన కొత్త చెప్పులు అడిగినాడు. నేను బోనస్ లెక్క గోడమీద బొగ్గుతో రాసినా. జాబర్ ఒకాయన ఆయుధపూజకు మిషన్‌కు కుంకం ఎక్కువ పెట్టి, తన మీసానికే పూసుకున్నాడు. ఆడ పిల్లోడు నవ్వినాడు. వెంటనే, "మరి తాళం సంగతి మీకు ఎవరూ చెప్పలేదా?" అన్నాడు. ఆ ప్రశ్న వాని నోటనే రావాల. వస్తే వాడే వంత.

అప్పుడు చెప్పినా: దూది రావడం తగ్గింది, పాత మిషన్లు మార్చలేదు, మూడు నెలల జీతం నిలిచింది. సమ్మె ఆ తర్వాత జరిగింది. ఏది ముందు, ఏది వెనక అన్నది వాని తలకెక్కింది.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఉపాయం వాడండి గానీ లేనిది కలపొద్దు. మనది రాజుల కత కాదు, సాక్షులు ఇంకా బతికే ఉన్నారు. మా లైన్లో ఆ రోజుల్ని చూసినోళ్లం పదిమంది కూడా మిగల్లేదు. అమ్మల్లారా, అన్నల్లారా, మీ ఇండ్లల్లో ఆ కడపటి దసరా ఎట్ల జరిగిందో పిల్లలకు చెప్పండి. తాళం సంగతి మొదటే చెప్పండి.