ప్రకాశం గారి తరువాత వచ్చిన రైతు

ఓమందూరు రామస్వామి రెడ్డియారు పేరు మన తెలుగు పుస్తకాలలో సాధారణంగా ఒకే ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. 1947 మార్చిలో ప్రకాశం పంతులు గారి మంత్రివర్గం పడిపోయిందనీ, ఆ పదవిలోకి రెడ్డియారు వచ్చారనీ చెప్పి రచయితలు మళ్ళీ ప్రకాశం గారి దగ్గరికో, ఆంధ్ర రాష్ట్రోద్యమం దగ్గరికో వెళ్ళిపోతారు. మా తాతగారి లెక్కలోనూ ఆయన చోటు అంతమాత్రమే. ఆ పేరు ఎప్పుడు వినబడ్డా "పంతులు గారి కుర్చీ ఎక్కినాయన" అనేవారు. అంతకు మించి ఒక్క మాట ఉండేది కాదు.

తాతగారిది కృష్ణా జిల్లాలో ఒక జమీ గ్రామం. ఆయన పోయిన తరువాత ట్రంకు పెట్టెలో దొరికిన కాగితాలలో అన్నిటికంటే భద్రంగా, గుడ్డలో చుట్టి దాచుకున్నది రైత్వారీ పట్టా. ఆ పట్టాకు ఆధారమైన చట్టం మద్రాసు శాసనసభలో 1948లో తయారైంది. అప్పుడు ఆ కుర్చీలో ఉన్నది రెడ్డియారే. ప్రకాశం గారి మీది అభిమానమూ, ఈ పట్టా మీది మమకారమూ తాతగారిలో ఒకదానినొకటి పలకరించుకోకుండానే జీవితాంతం కాపురం చేశాయి. ఈ టపా వ్రాయడానికి కారణం అదే.

రెడ్డియారు 1895లో తిండివనం దగ్గర ఓమందూరులో పుట్టారు. నాటి దక్షిణ ఆర్కాటు జిల్లా. ఇంట్లో తెలుగు మాట్లాడే రెడ్డియార్ల వ్యవసాయ కుటుంబం. వందల ఏళ్ళ క్రితం దక్షిణాదికి తరలిపోయి, తమిళ నేలను దున్నుకుంటూ, పొయ్యి దగ్గర మాత్రం తెలుగు మిగుల్చుకున్న కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి. వారి తెలుగు మనకు కాస్త వింతగా వినిపిస్తుంది కానీ అది తెలుగే. స్వాతంత్ర్యోద్యమంలో కాంగ్రెసులో పనిచేశారు. వకీళ్ళతో, పండితులతో నిండిన ఆనాటి మద్రాసు కాంగ్రెసులో ఒక పల్లెటూరి సేద్యగాడు ప్రధాని కావడం చిన్న విశేషం కాదు. (1950 వరకూ రాష్ట్ర ప్రభుత్వాధినేతను ప్రధాని అనే పిలిచేవారు.) కామరాజు బలం వెనుక ఉన్నమాట నిజం. అయితే ప్రకాశం గారిని దింపడంలో తమిళులు మాత్రమే ఉన్నారనుకోవడం మన వారికి హాయినిచ్చే కథ. ఆ పనిలో ఆంధ్ర నాయకుల చేతులూ ఉన్నాయి.

ఇక జమీ సంగతి. 1802 నాటి శాశ్వత పరిష్కారంలో జమీందారు సర్కారుకు కట్టవలసిన పేష్కషును ఎప్పటికీ మారకుండా నిర్ణయించారు. రైతు జమీందారుకు కట్టే శిస్తుకు మాత్రం అలాంటి కట్టుబాటు నిలవలేదు. ఫలితంగా కాలువకు ఇవతల జమీ రైతు, అవతల సర్కారు రైతు, ఒకే నీరు, ఒకే మన్ను. శిస్తు మాత్రం ఇవతల ఎక్కువ. రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా ఉన్న ప్రకాశం గారే ఈ విషయం మీద విచారణ సంఘానికి అధ్యక్షులై, భూమికి హక్కుదారు రైతేననీ, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమేననీ 1938లో తేల్చారు. మరుసటి సంవత్సరం యుద్ధం వచ్చింది, మంత్రివర్గం రాజీనామా చేసింది, నివేదిక బీరువాలో పడింది.

దానిని ఒక కొలిక్కి తెచ్చింది రెడ్డియారు ప్రభుత్వం. రెవెన్యూ మంత్రి మన కళా వెంకటరావు గారు. 1947లో ముందుగా శిస్తుల తగ్గింపు చట్టం తెచ్చారు. జమీ గ్రామంలోని శిస్తును చుట్టుపక్కల రైత్వారీ శిస్తుతో పోల్చి తగ్గించడం దాని పద్ధతి. మొత్తం వ్యవస్థ రద్దయ్యే వరకూ ఆగకుండా ముందు రైతు నెత్తి మీది బరువు దింపడంలో నాకు సేద్యగాని తర్కం కనిపిస్తుంది. వానకు ముందే గట్టు వేసుకునే మనిషి ఆలోచన అది. తరువాత 1948 నాటి 26వ చట్టం, ఎస్టేట్ల రద్దు. జమీందార్లకు నష్టపరిహారం ఆదాయాన్ని బట్టి, చిన్న ఎస్టేటుకు ముప్ఫై రెట్లు మొదలుకొని పెద్ద ఎస్టేటుకు పన్నెండున్నర రెట్ల వరకు.

ఈ చట్టాన్ని నేను ఆకాశానికెత్తడం లేదు. సేరీ భూములు జమీందార్లకే మిగిలాయి. పట్టా లేని కౌలుదారుకూ, కూలివానికీ దక్కినది శూన్యం. తాతగారి పొలంలో నాటు వేసిన వారి ఇళ్ళలో ఏ గుడ్డలోనూ ఏ కాగితమూ లేదు. అదే రోజులలో కృష్ణా జిల్లా పల్లెలలో కమ్యూనిస్టుల కోసం మలబారు పోలీసులు చేసిన దాష్టీకం కూడా ఈ ప్రభుత్వం ఖాతాలోనిదే. 1948లో బడులలో హిందీని నిర్బంధం చేసి తమిళ దేశంలో ఆందోళన తెచ్చిపెట్టుకున్నదీ ఈ ప్రభుత్వమే.

మరోవైపు దేవాలయ ప్రవేశ చట్టం, దేవదాసీ నిషేధ చట్టం, రెండూ 1947లోనే. అదే ఏట ఉద్యోగాల కోటా ఉత్తర్వును సవరించి, పద్నాలుగు స్థానాలలో రెండింటిని వెనుకబడిన హిందువులకు ప్రత్యేకంగా కేటాయించారు. దీనితో కొందరు ఆయనను గడ్డం లేని రామస్వామి నాయకర్ అని ఎత్తిపొడిచారు. రోజూ పూజ చేసుకునే మనిషికి పెరియారు పేరు తగిలించడం ఆనాటి రాజకీయాల చమత్కారం! భారతి రచనల హక్కులను 1949లో ప్రభుత్వం తీసుకున్నదీ ఈయన హయాంలోనే.

జమీందారీ రద్దు చట్టానికి గవర్నరు జనరల్ ఆమోదం 1949 ఏప్రిల్‌లో వచ్చింది. అదే నెలలో పార్టీలోని వర్గపోరు వలన రెడ్డియారు పదవి వదిలారు. ఆ స్థానంలోకి వచ్చిన కుమారస్వామి రాజా కూడా, రాజపాళయం నుంచి, ఇంట తెలుగు మాట్లాడేవారే. చట్టం గ్రామాలలో అమలై సర్వేలు జరిగి పట్టాలు చేతికొచ్చేసరికి సంవత్సరాలు గడిచాయి. పట్టా ఇచ్చిన అధికారి పేరు తాతగారికి గుర్తుంది. చట్టం తెచ్చినవాడు అప్పటికే వడలూరులో ఉన్నాడు.

వడలూరు రామలింగస్వామి వారి ఊరు. ఆకలితో వచ్చిన వారికి అన్నం పెట్టడానికి ఆయన 1867లో వెలిగించిన పొయ్యి ఆరలేదని చెబుతారు. రెడ్డియారు చివరి కాలం అక్కడ సేవలోనే గడిపి 1970లో కన్నుమూశారు.

చెన్నై అన్నాసాలై మీద ఆయన పేరిట ఓమందూరార్ ప్రభుత్వ ఎస్టేటు ఉంది. 2010లో అక్కడ కొత్త శాసనసభా భవనం ప్రారంభించి, ప్రభుత్వం మారాక 2014లో దానిని ఆసుపత్రి చేశారు. ఎస్టేట్లను రద్దు చేసిన మనిషి పేరును ఎస్టేటుకు పెట్టడంలోని తమాషా అక్కడ ఎవరికైనా తట్టిందో లేదో. మెట్రో స్టేషనుకు తమిళంలో అరసినర్ తోట్టం అని వ్రాశారు, అంటే సర్కారు వారి తోట. తోట అన్న మాట ఆయనకు నచ్చేదేమో.