షీల్డు గెలవని మాస్టారు

ఇక్కడ నాలుగు మాటలు రాసి చాలా రోజులైంది. రాయడానికి ఏమీ లేక కాదు, రాయవలసినది రాయడానికి మనసు ఒప్పక. మొన్న సంతరోజు సాయంత్రం కొయ్యూరు టీకొట్టు దగ్గర విన్న ఒక వాదన ఆ సంకోచాన్ని కాస్త వదిలించింది.

వాదించుకుంటున్న ఇద్దరూ నా పాత విద్యార్థులే. ఒకడు నర్సీపట్నంలో ఒక దుకాణంలో లెక్కలు రాస్తాడు. రెండోవాడు తండ్రితో కలిసి జీడితోట చూసుకుంటున్నాడు. ఇద్దరికీ ఫుట్‌బాల్ అంటే ప్రాణం. వాదన మనోలో మార్కెజ్ గురించి. 2020 నుంచి 2023 దాకా హైదరాబాద్ ఎఫ్‌సీకి శిక్షకుడిగా పనిచేసిన స్పెయిన్ దేశస్థుడు.

"2022లో కప్పు తెచ్చాడా లేదా? ఇంకేం కావాలిరా నీకు?" అన్నాడు తోట కుర్రవాడు.

"కప్పంటే చివర్లో మూడు మ్యాచ్‌ల సంబరం. సీజనంతా ఆడి పట్టికలో పైన నిలిచినవాడికిచ్చేది షీల్డు. అది ఒక్కసారైనా తెచ్చాడా?" అన్నాడు లెక్కల కుర్రవాడు.

మాట నిజమే. ఇండియన్ సూపర్ లీగులో అప్పట్లో పట్టికలో మొదటి స్థానానికి షీల్డు, ఆ తర్వాత జరిగే పోటీల్లో గెలిచినవారికి కప్పు ఇచ్చేవారు. 2021-22లో షీల్డు జంషెడ్‌పూర్‌కు, మరుసటి ఏడు ముంబయి సిటీకి వెళ్ళాయి. రెండుసార్లూ హైదరాబాద్‌ది రెండో స్థానమే. కప్పు మాత్రం 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో వచ్చింది. ఆ రాత్రి గోలీ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. అవి ఆగకపోతే మనోలో చేతకానివాడైపోయేవాడా?

"మాస్టారూ, లెక్కలు చెప్పేవారు కదా, మీరే తేల్చండి" అన్నారు ఇద్దరూ.

లెక్క ప్రకారమైతే నా ఓటు షీల్డుకే. ఇరవై మ్యాచ్‌లలో అదృష్టం, దురదృష్టం చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒక్క రాత్రి పెనాల్టీలలో అలా కాదు. కానీ లెక్కలోనే ఇంకో సంగతీ ఉంది. ఆయన రాకముందు, 2019-20లో, ఆ జట్టు పట్టికలో అట్టడుగున ఉంది. ఆయన వచ్చిన ఏడాది అయిదో స్థానం, ఆ తర్వాత వరుసగా రెండేళ్ళు రెండోది. ఆయన వెళ్ళాక 2023-24లో మళ్ళీ అట్టడుగు. అంతా ఆయన మహిమేనా అంటే అదీ కాదు. ఆ ఏడాది డబ్బు లేక ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 2025లో జట్టే ఢిల్లీకి తరలిపోయింది. అదే మనోలో భారత జట్టుకు శిక్షకుడైనప్పుడు ఎనిమిది మ్యాచ్‌లలో గెలిచింది ఒక్కటే. మనిషి అతనే, చేతికిచ్చిన జట్టు వేరు, దొరికిన వ్యవధి వేరు.

వ్యవధి అంటే గుర్తొచ్చింది. ఫెర్గూసన్ మాంచెస్టర్ యునైటెడ్‌కు 1986 నవంబరులో వచ్చాడు. మొదటి లీగు టైటిల్ 1993లో. ఆరేళ్ళకు పైగా ఆగినందుకు ఆ క్లబ్బుకు మొత్తం పదమూడు టైటిళ్ళు దక్కాయి. లెస్టర్ సిటీకి 2016లో ఎవరూ ఊహించని టైటిల్ తెచ్చిన రనియెరిని మాత్రం ఏడాది తిరగకుండానే పంపించేశారు. అంటే టైటిల్ లేనివాడు పనికిరానివాడూ కాదు, ఉన్నవాడికి అది రక్షాకవచమూ కాదు.

ఇంత దూరం ఎందుకు, మన హైదరాబాద్‌లోనే సయ్యద్ అబ్దుల్ రహీం ఉన్నాడు. వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణాలు తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. మరి లీగు టైటిళ్ళు? ఒక్కటీ లేదు. జాతీయ లీగు మొదలైందే 1996లో! 1952 హెల్సింకిలో యుగొస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిన రోజునే ఆయన్ను ఇంటికి పంపి ఉంటే మిగతావేవీ ఉండేవి కావు. 1962 జకార్తాలో గాయపడిన డిఫెండర్ జర్నయిల్ సింగ్‌ను ముందుకు పంపి గోలు కొట్టించాడు. అప్పటికే క్యాన్సర్ ఆయన్ను తినేస్తోంది. 1963 జూన్‌లో కన్నుమూశాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకు స్వర్ణం రాలేదు.

ఇదంతా ఆ కుర్రవాళ్ళకు ఉత్సాహంగా చెబుతున్నాను. అంతలో తోట కుర్రవాడు అన్నాడు: "మన డ్రిల్లు మాస్టారు కూడా ఒక్క కప్పూ తేలేదు కదా మాస్టారూ. అయినా ఆయనలాంటివారు మళ్ళీ రాలేదు."

నా చేతిలో టీ చల్లారిపోయింది.

ఆయన ఒప్పంద ఉద్యోగి. నేనప్పుడు పనిచేస్తున్న ఏజెన్సీ బడికి వచ్చేసరికి ఆటస్థలమంటే రాళ్ళు తేలిన ఒక వాలు. పిల్లలతో కలిసి ఆ రాళ్ళు ఏరి, వాలు కాస్త చదును చేసి, వెదుళ్ళతో గోలుస్తంభాలు పాతాడు. మూడేళ్ళు పోటీలకు తీసుకువెళ్ళాడు. మూడేళ్ళూ ఉత్త చేతులతో తిరిగి వచ్చారు. నాలుగో ఏడు ఆయన్ను కొనసాగించాలా వద్దా అని మా అభిప్రాయం అడిగారు. "ఫలితాలు లేవు" అన్న కాగితం మీద సంతకం చేసినవారిలో నేనూ ఉన్నాను. పదో తరగతి ఉత్తీర్ణతతో మమ్మల్ని కొలుస్తున్నారని పైవాళ్ళ మీద రోజూ విసుక్కునే నేనే, ఆయన్ను కప్పులతో కొలిచాను.

ఇన్నాళ్ళుగా రాయలేకపోయింది ఇదే. రుజువు నా చేతుల్లోనే ఉండేది, నా హాజరుపట్టీలో. పండగకు కొండమీది ఊళ్ళకు వెళ్ళిన పిల్లలు వారాల తరబడి తిరిగొచ్చేవారు కాదు, కొందరు అసలే వచ్చేవారు కాదు. ఆయన ఉన్న మూడేళ్ళూ బంతి ఆడే పిల్లలు బడి తెరిచిన రోజుకే తిరిగొచ్చారు. ఆ గళ్ళు నా చేత్తోనే నింపాను, చదవలేదు. ఆయన వెళ్ళిన ఏడాది ఆ గళ్ళు మళ్ళీ ఖాళీ అయ్యాయి. అప్పుడూ వానలను తిట్టుకున్నానే తప్ప నా సంతకాన్ని తలుచుకోలేదు.

అల్లూరి సీతారామరాజును 1924 మే 7న కాల్చి చంపింది ఈ కొయ్యూరులోనే. ఆయన ఓడిపోయాడని ఇక్కడ ఎవరూ అనగా నేను వినలేదు. ఆ కొలత తెలిసిన ఊళ్ళో ఉంటూ నేను షీల్డులు లెక్కపెట్టాను.

కుర్రవాళ్ళకు ఆ సంతకం సంగతి చెప్పలేదు. చెప్పే ధైర్యం లేకపోయింది. "మనోలో మంచి శిక్షకుడే" అని తీర్పు చెప్పి లేచి వచ్చేశాను. తోట కుర్రవాడు గెలిచానని సంబరపడ్డాడు. రెండోవాడు ఒప్పుకోలేదు. "షీల్డు షీల్డే మాస్టారూ" అన్నాడు. వాడి లెక్కలోనూ తప్పులేదు. గెలుపు కూడా ఒక కొలతే, కాకపోతే దాని పక్కన ఇంకో రెండు గళ్ళు ఉండాలి: చేతికి ఏమిచ్చాం, ఎన్నాళ్ళిచ్చాం.

డ్రిల్లు మాస్టారు ఇప్పుడెక్కడున్నారో కనుక్కునే ప్రయత్నంలో ఉన్నాను. దొరికితే ఏమని మొదలుపెట్టాలో మాత్రం ఇంకా తెలియడం లేదు. ఇలాంటి సంతకం మీలో ఎవరైనా చేసి ఉంటే, ఆ తర్వాత ఏం చేశారో చెప్పండి.