ఓడడం, ఓడించడం

తెలుగులో 'ఓడు'కి 'ఇంచు' చేరితే కథ తలకిందులవుతుంది. ఓడింది అంటే పాపం అనిపిస్తుంది. ఓడించింది అంటే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. ఈ రెండు క్రియలూ గుర్తుండడానికి నాకొక మనిషి దొరికారు: స్క్వాష్ ఆడిన హెదర్ మెకే.

మేముండేది కాన్‌బెరాలో. పక్కనే క్వీన్‌బియన్ అనే ఊరు. ఆమె 1941లో అక్కడే పుట్టారు. పదకొండు మంది పిల్లల్లో ఒకరు. హాకీకి ఒళ్ళు గట్టిగా ఉండాలని స్క్వాష్ మొదలుపెట్టారు. (తర్వాత ఆస్ట్రేలియా తరఫున హాకీ కూడా ఆడారు!) పేపర్లలో క్రీడాకారిణులను 'గెలిచింది' అని రాస్తారు. నేను మాత్రం 'గెలిచారు' అనే రాస్తాను. మా అమ్మమ్మ కన్నా పెద్దావిడ మరి.

స్క్వాష్‌లో ఆమె ఓడిపోయింది మొత్తం రెండు మ్యాచ్‌లు. ఒకటి 1960లో. రెండోది 1962లో స్కాట్లాండ్‌లో, ఫైనల్లో ఫ్రాన్ మార్షల్ చేతిలో. ('చేతిలో ఓడిపోవడం' రాసిపెట్టుకోండి, బాగా పనికొస్తుంది.) అప్పటికి పెళ్ళి కాలేదు, అందుకే ఆ ఏటి రికార్డుల్లో హెదర్ బ్లండెల్ అని ఉంటుంది. అదే ఏడాది బ్రిటిష్ ఓపెన్ ఫైనల్లో ఎదురుగా మళ్ళీ ఫ్రాన్ మార్షలే. ఈసారి హెదర్ ఓడించారు. 1977 వరకు వరసగా 16 బ్రిటిష్ ఓపెన్లు గెలిచారు. 1968 ఫైనల్ స్కోరు 9-0, 9-0, 9-0. స్కాట్లాండ్ తర్వాత రిటైరయ్యే దాకా 'ఓడిపోయారు' అనే మాటతో పనే పడలేదు.

ఇదంతా ఫోన్లో గుంటూరులో ఉన్న అమ్మమ్మకి చెప్పాను. ముందు ఆటే అర్థం కాలేదు. 'ఎదురుగా' అన్నానా, నిజానికి ఎదురుగా ఎవరూ ఉండరు. ఇద్దరూ ఒకే గదిలో, ఒకే గోడకేసి బంతి కొడతారు. "గోడతో పోట్లాటా?" అంది. తర్వాత, "అన్నేళ్ళు ఓడలేదా? దిష్టి తగలదూ! ఎవరైనా తీశారా ఆ పిల్లకి?" ఆ పిల్ల నీకన్నా పెద్దది అమ్మమ్మా అన్నాను.

నాకు కష్టమైన ప్రశ్న ఆ తర్వాత వచ్చింది. "మరి ఎంత సంపాదించింది?"

హెదర్ మొదలుపెట్టినప్పుడు ఆడవాళ్ళ స్క్వాష్ అమెచ్యూర్ ఆట. 'అమెచ్యూర్'కి తెలుగు తట్టక, డబ్బుల్లేకుండా ఆడడం అని చెప్పాను. ఆడవాళ్ళకి మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1976లో బ్రిస్బేన్‌లో జరిగింది. అదీ ఆమే గెలిచారు. కానీ అప్పటికే, 1975లో, కెనడా వెళ్ళిపోయారు, అక్కడ కోచ్‌గా పనిచేయడానికి. స్క్వాష్ ఒలింపిక్స్‌లోకి వచ్చేది 2028లో.

అమ్మమ్మ కాసేపు మాట్లాడలేదు.

"అన్నిసార్లు గెలిచి, ఊరుగాని ఊర్లో పాఠాలు చెప్పుకుందా?" అంది. "మీ అమ్మకి చెప్పు, వింటుంది."

అమ్మ ఇక్కడ పిల్లలకి కూచిపూడి నేర్పుతుంది.